మెష్ మీద ఏం మిగిలింది? స్క్రీన్ క్లీనింగ్‌లో వరుస ఎందుకు తప్పకూడదు

స్క్రీన్ ప్రింటింగ్‌లో స్క్రీన్ అంటే ఫ్రేముకు బిగించిన సన్నటి వల బట్ట, అదే మెష్. దాని మీద ఎమల్షన్ పూసి వెలుతురు చూపిస్తే డిజైన్ చోట తప్ప మిగతా అంతా గట్టిపడి స్టెన్సిల్ అవుతుంది; డిజైన్ చోట తెరిచి ఉన్న కళ్ళలోంచి స్క్వీజీ అనే రబ్బరు పట్టీతో ఇంకు నెడతారు. ప్రింట్ బల్ల మీద స్క్రీన్ మొరాయిస్తే ముందు నింద పడేది ఎమల్షన్ మీద, ఆ తర్వాత ఇంకు మీద. నిన్నటిదాకా బాగా నడిచిన డబ్బానే, అదే లైటు, అదే టైమింగ్. అయినా ఈరోజు కాసిని ప్రింట్లు పడగానే డిజైన్ అంచులు ఊడిపోతాయి, ఖాళీగా ఉండాల్సిన చోట రంగు చుక్కలు తేలతాయి. వెంటనే కొత్త డబ్బా తెస్తారు, టైమింగ్ పెంచుతారు, ఇంకు చిక్కన చేస్తారు. చాలాసార్లు తప్పు వీటిలో ఎక్కడా ఉండదు. ఎమల్షన్ పూయకముందే, స్క్రీన్ కడిగిన తొట్టి దగ్గరే అది జరిగిపోయి ఉంటుంది. బయటపడేది మాత్రం ప్రింట్ మీద.

కారణానికీ ఫలితానికీ మధ్య ఇంత ఎడం ఉండడం వల్లే ఈ పని గురించి రకరకాల సలహాలు చెలామణీలో ఉన్నాయి. థిన్నర్‌తో తుడిస్తే చాలని ఒకరు, బ్లీచ్ వాడమని ఒకరు, గిన్నెలు తోమే లిక్విడ్‌తో బ్రహ్మాండంగా వస్తుందని మరొకరు చెబుతారు. వాళ్ళెవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒక్కొక్కరు ఒక్కో రకం మురికి గురించి మాట్లాడుతున్నారు, అంతే. వాడిన స్క్రీన్ మీద ఇంకు, గట్టిపడ్డ ఎమల్షన్, దారంలోకి ఇంకిన మరక, కంటికి కనిపించని జిడ్డు ఉంటాయి. ఈ నాలుగూ వేర్వేరు పదార్థాలు. ఒకదాన్ని కరిగించేది రెండోదాన్ని కదిలించలేదు. పైగా ఒకదాన్ని వదిలించడానికి మనం వాడిన మందే తర్వాతి దశకు కొత్త మురికి అవుతుంది. స్క్రీన్ ప్రిపరేషన్ అంతా ఈ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది. ఏ దశలో మెష్ మీద ఏం మిగిలి ఉందో తెలిస్తే, ఏ మందు ఎప్పుడు వాడాలన్నది దానంతటదే తేలిపోతుంది.

బట్ట సంగతి ముందు

1907లో మాంచెస్టర్‌కు చెందిన శామ్యూల్ సైమన్ ఈ పద్ధతికి పేటెంట్ తీసుకున్న రోజుల్లో ఫ్రేముకు బిగించేది పట్టు బట్ట. పట్టు దారమంటే సన్నటి పోగులు కలిపి పేనినది. ఆ పోగుల సందుల్లోకి స్టెన్సిల్ దూరి పట్టుకునేది. అదే కారణంగా ఇంకు కూడా దూరి కూర్చునేది, శుభ్రం చేయడం నరకంగా ఉండేది. ఇప్పుడు ఎక్కువగా వాడేది మోనోఫిలమెంట్ పాలిస్టర్. అంటే ప్రతి దారమూ ఒకే నున్నటి పోగు. గుండ్రంగా, మెరుస్తూ ఉంటుంది కాబట్టి ఇంకు తేలిగ్గా వదులుతుంది. కానీ నున్నగా ఉండడం వల్ల ఎమల్షన్‌కు కూడా పట్టు దొరకడం కష్టం. ఎమల్షన్ దారాన్ని చుట్టుకుని, కళ్ళ (దారాల మధ్య ఖాళీల) లోపల గట్టిపడి నిలబడుతుంది. మధ్యలో పలచటి నూనె పొర అడ్డం వచ్చినా ఆ పట్టు వదులైపోతుంది.

ఎంత పలచటి పొర అడ్డం రాగలదో తెలియాలంటే మెష్‌ను లెక్కల్లో చూడాలి. సెంటీమీటరుకు 120 దారాలున్న మెష్‌లో ఒక దారం నుంచి తర్వాతి దారానికి దూరం సుమారు 83 మైక్రాన్లు. అందులో 34 మైక్రాన్ల దారం పోతే మిగిలే కన్ను 50 మైక్రాన్లకు లోపే. మామూలు తలవెంట్రుక కూడా అందులో పట్టడం కష్టం. దారం చుట్టూ 5 మైక్రాన్ల ఎండిన ఇంకు పొర మిగిలితే కన్ను రెండు వైపుల నుంచీ మూసుకొచ్చి 40కి దిగుతుంది. వైశాల్యంలో చూస్తే మూడో వంతుకు పైగా పోయినట్టే. ఇంకు తక్కువగా దిగుతుంది, సన్నటి గీతలు విరుగుతాయి. సెంటీమీటరుకు 43 దారాల మెష్‌లో కళ్ళు పెద్దవి కాబట్టి ఇదే పొరను మనం గమనించం కూడా. ముతక మెష్‌తో చొక్కాల మీద అచ్చు వేసేవాళ్ళకు ఒక క్లీనింగ్ పద్ధతి బాగా పనిచేసి, అదే పద్ధతి సన్నటి హాఫ్‌టోన్ (చిన్న చుక్కలతో ఛాయలు చూపే) పనిలో దెబ్బకొట్టడానికి ఒక కారణం ఇదే.

కడగడానికి ముందు ఇంకో పని ఉంది. టెన్షన్ మీటర్ ఉంటే మెష్ బిగువు చూడాలి. చేత్తో వేసే పనికి సెంటీమీటరుకు 20 నుంచి 25 న్యూటన్లు ఉంటే హాయిగా పనవుతుంది. 15 కన్నా దిగిపోయిన బట్ట స్క్వీజీ వెనకాలే లేవకుండా గుడ్డకు అతుక్కుంటుంది, అచ్చు చెదురుతుంది. అలాంటి స్క్రీన్‌ను ఎంత శుభ్రంగా కడిగినా ఉపయోగం లేదు. శ్రమంతా అయ్యాక ఈ సంగతి తెలియడం కన్నా ముందే తెలియడం మేలు.

మొదట ఇంకు, అదీ పూర్తిగా

ఇంకు తీయడంలో మొదటి మందు స్క్రేపరే. ప్లాస్టిక్ కార్డుతోనో రబ్బరు గరిటెతోనో ఎంత గీకగలిగితే అంత గీకి డబ్బాలోకి వేసేయాలి. సాల్వెంట్ (ఇంకును కరిగించే ద్రవం) ఆదా అవుతుంది, కాలవలోకి పోయే రంగూ తగ్గుతుంది. మూలల్లో అంటించిన టేపు ఈ దశలోనే పీకాలి. టేపు కింద దాక్కున్న ఇంకు, టేపు వదిలిన జిగురు ఆ తర్వాత ప్రతి కడుగులోనూ కొంచెం కొంచెంగా కరిగి మెష్ మీదికి వస్తుంటాయి.

ఆ తర్వాతి మందు ఇంకు రకాన్ని బట్టి మారుతుంది. ప్లాస్టిసాల్ ఇంకు పీవీసీ పొడిని ప్లాస్టిసైజర్ అనే నూనెలాంటి ద్రవంలో కలిపినది. సుమారు 160 డిగ్రీల సెల్సియస్ వేడి తగిలితే తప్ప గట్టిపడదు కాబట్టి స్క్రీన్ మీద మర్నాటిదాకా ఉన్నా ఎండిపోదు. ఈ సుగుణమే జనాన్ని నిర్లక్ష్యం వైపు నెడుతుంది. రంగు తుడిచేసినా ప్లాస్టిసైజర్ జిడ్డు దారాన్ని అంటిపెట్టుకునే ఉంటుంది. వాటర్‌బేస్డ్ ఇంకు దీనికి పూర్తిగా ఉల్టా. తడిగా ఉన్నంతసేపు మంచినీళ్ళకే పోతుంది, ఎండిందంటే దారానికి కరుచుకుని ఇక వదలదు. దాన్ని కడగాల్సిన సమయం ప్రింటింగ్ ఆగిన ఆ క్షణమే. టీ తాగొచ్చాక కాదు. యూవీ (అతినీలలోహిత) వెలుతురుకు గట్టిపడే ఇంకు అయితే కడిగేదాకా వెలుతురు తగలకుండా చూసుకోవాలి.

సాల్వెంట్ ఇంకుల విషయంలో జరిగే పొరపాటు కొంచెం సూక్ష్మమైనది. ఘాటైన థిన్నర్ గుడ్డకు తగలగానే ఇంకు కరుగుతుంది, రెండు తుడుపుల్లో మెష్ తెల్లగా కనిపిస్తుంది. కానీ త్వరగా ఆవిరైపోయే సాల్వెంట్, కరిగిన ఇంకును గుడ్డలోకి చేర్చేలోపే ఎగిరిపోతుంది. ఇంకులో రంగును పట్టి ఉంచే రెజిన్ అక్కడే పలచగా పరుచుకుని ఎండుతుంది. ముఖ్యంగా నిలువు దారం, అడ్డ దారం ఒకదాని మీద ఒకటి ఎక్కే చోట్ల చేరుతుంది, అక్కడికి గుడ్డ అందదు. చూడటానికి శుభ్రంగా ఉన్న ఇదే మెష్ కొన్నాళ్ళకు ఘోస్ట్, అంటే పాత డిజైన్ నీడ, చూపిస్తుంది. నెమ్మదిగా ఆవిరయ్యే ఇంక్ రిమూవర్‌ను రెండు వైపులా బ్రష్‌తో పూసి, కాసేపు నాననిచ్చి, ఆ తర్వాత తుడవడమో నీళ్ళతో కడగడమో చేస్తే ఈ తిప్పలు తప్పుతాయి. థిన్నర్ ఘాటుకు ఊపిరితిత్తులు, చర్మం పడే బాధ కూడా తగ్గుతుంది.

అయితే నెమ్మదిగా ఆవిరయ్యే సాల్వెంట్లు జిడ్డును వదిలిపోతాయి. టర్పెంటైన్, కిరోసిన్, నారింజ తొక్క నూనెతో చేసే రిమూవర్లు అన్నీ ఈ కోవలోవే. వాటిని పూర్తిగా కడిగేయకుండా తర్వాతి దశకు వెళ్తే ఆ దశ పనిచేయదు. ఎందుకంటే తర్వాత వాడబోయే డీకోటింగ్ మందు, అంటే ఎమల్షన్‌ను ఊడదీసేది, నీళ్ళలో కలిసినది. ఎమల్షన్ మీద నూనె పొర ఉంటే ఆ నీళ్ళు జారిపోతాయి తప్ప లోపలికి దిగవు. డీకోటింగ్ పౌడర్ నకిలీదని, పాతదైపోయిందని వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి అసలు కారణం ఇదేనని నా నమ్మకం. ఇంకు పోయాక ఒకసారి మిగిలిన ఇంకును విడగొట్టే సబ్బులాంటి ఇంకు డీగ్రేడెంట్‌తోనో, జిడ్డు తీసే డీగ్రీజర్‌తోనో రుద్ది నీళ్ళు కొట్టి, ఆ తర్వాతే పౌడర్ జోలికి వెళ్ళాలి.

డీకోటింగ్ మందు లోపల జరిగేది

ఎమల్షన్ తీసే మందు చాలామందికి ఒక తెల్ల పొడి, అంతే. దాని లోపలి సంగతి తెలిస్తే వాడే పద్ధతిలోని ప్రతి షరతుకూ కారణం కనిపిస్తుంది.

ఎమల్షన్‌కు ఆధారం పాలీవినైల్ ఆల్కహాల్. నీళ్ళలో కరిగే పొడవాటి గొలుసులాంటి అణువు. అందులో కలిపిన డయాజో లేదా మరో సెన్సిటైజర్‌కు (వెలుతురుకు స్పందించే రసాయనానికి) యూవీ వెలుతురు తగిలితే ఒక గొలుసుకూ పక్క గొలుసుకూ మధ్య కట్లు పడతాయి. గొలుసులన్నీ కలిసి వలగా మారతాయి, ఇక నీళ్ళలో కరగవు. ఈ వలను విప్పడం సబ్బు వల్ల కాదు, థిన్నర్ వల్ల కాదు. దాన్ని కోయాలి.

కోసే పని సోడియం మెటాపెరియోడేట్ చేస్తుంది. పక్కపక్కనే ఉన్న రెండు కార్బన్ల మీద చెరో హైడ్రాక్సిల్ (ఆక్సిజన్, హైడ్రోజన్ జంట) ఉంటే, పెరియోడేట్ ఆ రెండు కార్బన్ల మధ్య బంధాన్ని తెంచేస్తుంది. ఫ్రెంచ్ రసాయన శాస్త్రవేత్త లియోన్ మలప్రాడ్ 1928లో ఈ చర్యను వెలుగులోకి తెచ్చాడు, అందుకే దీనికి ఆయన పేరే ఉంది. పాలీవినైల్ ఆల్కహాల్ గొలుసులో మామూలుగా హైడ్రాక్సిల్ ఒక కార్బన్ విడిచి ఒక కార్బన్ మీద ఉంటుంది. ఆ అమరికను పెరియోడేట్ ముట్టుకోదు. కానీ గొలుసు తయారయ్యేటప్పుడు నూటికి ఒకటి రెండు చోట్ల ముక్కలు తిరగబడి అతుక్కుంటాయి, అక్కడ రెండు హైడ్రాక్సిళ్ళు పక్కపక్కనే వస్తాయి. మందు కోసేది సరిగ్గా ఆ కొద్ది చోట్లే. పొడవాటి గొలుసు పొట్టి ముక్కలవడానికి అది చాలు. వల కూలిపోతుంది, ఎమల్షన్ జారిపోతుంది. తయారీలో దొర్లిన ఆ చిన్న తేడాయే లేకపోతే ఒకసారి ఎక్స్‌పోజ్ చేసిన, అంటే వెలుతురు చూపించి ఎమల్షన్‌ను గట్టిపరిచిన, బట్టను తిరిగి వాడుకోవడం ఇంత తేలిగ్గా ఉండేది కాదు. ఈ పనిలో నాకు అన్నిటికన్నా అబ్బురంగా అనిపించే విషయం ఇదే.

పెరియోడేట్ పనిచేయాలంటే ఎమల్షన్ లోపలికి నీళ్ళతో పాటు చేరాలి. అందుకే స్క్రీన్‌ను ముందు తడిపి, ద్రావణాన్ని రెండు వైపులా బ్రష్‌తో రుద్ది, అర నిమిషం నుంచి రెండు నిమిషాల దాకా తడిగా ఉంచాలి. ఎమల్షన్ మెత్తబడి కారడం మొదలవగానే ప్రెషర్ వాషర్‌తో కొట్టేయాలి. ఈ మధ్యలో స్క్రీన్‌ను ఎండనివ్వడం మాత్రం క్షమించరాని తప్పు. మందు ఎండిపోయిన ఎమల్షన్ శాశ్వతంగా కరుచుకుంటుంది, మళ్ళీ ఎంత మందు పోసినా కదలదు. ఒకేసారి నాలుగైదు స్క్రీన్లకు మందు పూసి వరసగా నిలబెట్టి, మొదటిదాని దగ్గరికి తీరిగ్గా వచ్చే అలవాటు ఉన్నచోట ఈ ముప్పు ఎప్పుడూ పొంచి ఉంటుంది. వేసవిలో మరీను.

స్క్రీన్ తయారుచేసిన రోజు చేసిన పని ఇక్కడ లెక్కకు వస్తుంది. సరిగ్గా ఎక్స్‌పోజ్ అయిన ఎమల్షన్ డీకోటింగ్‌లో శుభ్రంగా వదులుతుంది. ఎక్స్‌పోజింగ్ తక్కువైతే లోపలి పొర సగం గట్టిపడి ఉండిపోతుంది. ప్రింటింగ్‌లో సాల్వెంట్, ఇంకు ఆ సగం ఉడికిన పొరలోకి దూరి దాన్ని దారానికి బంధిస్తాయి. స్టెన్సిల్ ప్రింటింగ్‌లోనూ నిలవదు, తర్వాత పూర్తిగా వదలనూ వదలదు. ఇక వాటర్‌బేస్డ్ ఇంకులకు తట్టుకునేలా హార్డెనర్ (స్టెన్సిల్‌ను ఇంకా గట్టిపరిచే మందు) పూసిన స్క్రీన్‌ను తిరిగి వాడే ఆశ పెట్టుకోకూడదు, దాన్ని శాశ్వతం చేయడానికే ఆ మందు ఉంది.

బ్లీచ్ సంగతి అడిగేవాళ్ళు చాలామంది. కొన్ని ఎమల్షన్లను అది తీస్తుంది, నిజమే. కానీ వాసన, కళ్ళ మంట, బట్టలు పాడవడం, పొరపాటున యాసిడ్‌తోనో అమ్మోనియా ఉన్న క్లీనర్‌తోనో కలిస్తే పుట్టే విష వాయువు, ఇవన్నీ లెక్కేస్తే ఆదా అయిన డబ్బుకు అర్థం లేదు. నేను వద్దనే చెబుతాను.

మరక వేరు, ఘోస్ట్ వేరు

ఎమల్షన్ పోయాక కూడా పాత డిజైన్ నీడలా కనిపిస్తుంటుంది. దాన్ని చూసి కంగారుపడి ఆ నీడను పోగొట్టే ఘాటైన హేజ్ రిమూవర్ అందుకునేవాళ్ళు ఒకవైపు, ఎంత నల్లగా ఉన్నా పట్టించుకోకుండా కోటింగ్ వేసేసేవాళ్ళు ఇంకోవైపు. రెండూ సరికాదు. ఆ నీడ రెండు రకాలుగా ఉండొచ్చు. దారంలోకి రంగు మాత్రమే ఇంకి ఉంటే అది మరక. డయాజో వదిలిన పసుపు, గోధుమ ఛాయ, ఎరుపు నీలం ఇంకుల లేత ఛాయ ఈ రకం. కళ్ళు తెరిచే ఉంటాయి, ఇంకు మామూలుగానే దిగుతుంది. దీన్ని వదిలేయొచ్చు. రెండోది నిజమైన ఘోస్ట్. దారం మీద ఎండిన ఇంకో, ఎమల్షనో పొరగా పేరుకుని ఉంటుంది. ఇది కొత్త అచ్చులో పాత డిజైన్‌ను చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ ఇంకు తక్కువగా దిగుతుంది.

తేడా తెలుసుకోవడానికి స్క్రీన్‌ను కిటికీకి ఎదురుగా పట్టుకుని భూతద్దంతో చూడాలి. దారం రంగు మారినా కన్ను చతురస్రంగా, మూలలు పదునుగా ఉంటే అది మరక. మూలలు గుండ్రమై, కన్ను ముడుచుకుపోయినట్టుంటే ఘోస్ట్. నల్లటి మరక మాత్రం కళ్ళు తెరిచి ఉన్నా ఒక ఇబ్బంది తెస్తుంది. ఎక్స్‌పోజింగ్‌లో అది వెలుతురును మింగేస్తుంది. దాని పక్కన ఎమల్షన్ సరిగ్గా గట్టిపడదు. ఒకే స్క్రీన్‌లో ఒక మూల బాగుండి ఇంకో మూల ఊడిపోతుంటే ఈ కోణంలో కూడా చూడాలి.

హేజ్ రిమూవర్ పేస్టుల్లో చాలావాటిలో కాస్టిక్ సోడా లేదా కాస్టిక్ పొటాష్ ఉంటుంది. ఎండిన ఇంకును అది విరగ్గొడుతుంది. అయితే పాలిస్టర్ అణువును కలిపి ఉంచే ఎస్టర్ బంధాలను కూడా ఘాటైన క్షారం తెంచుతుంది. అంటే మందు మురికితో పాటు దారాన్ని కూడా కొద్దికొద్దిగా తింటోందన్నమాట. డబ్బా మీద రాసిన నిమిషాలకు మించి ఉంచినా, రాత్రంతా వదిలేసినా మెష్ బలహీనపడుతుంది. బిగువుగా ఉన్న బట్ట తర్వాత ఎప్పుడో స్క్వీజీ ఒత్తిడికి చర్రున చిరిగితే, ఆనాటి పేస్టు ఎవరికీ గుర్తుండదు. ప్రతి కడుగులోనూ హేజ్ రిమూవర్ వాడే అలవాటు మంచిది కాదు. ఇంకును మొదటే సరిగ్గా తీస్తే దాని అవసరం అరుదుగా వస్తుంది.

ఈ దశలో ఒంటి జాగ్రత్త తప్పనిసరి. క్షారం చర్మాన్ని కాలుస్తుంది, కంట్లో పడితే చూపు పోవచ్చు. నైట్రైల్ గ్లవ్స్, కళ్ళను పూర్తిగా మూసే గాగుల్స్, ఏప్రన్ వేసుకోకుండా దీన్ని ముట్టుకోకూడదు. ప్రెషర్ వాషర్ కొట్టినప్పుడు ఈ మందు సన్నటి తుంపరై గాల్లో లేస్తుంది. కాబట్టి ముందు మామూలు పైపు నీళ్ళతో చాలావరకు కడిగి, ఆ తర్వాతే ప్రెషర్ పెట్టాలి. పెరియోడేట్ పొడి మరో రకంగా ప్రమాదం. అది ఘాటైన ఆక్సిడైజర్, సాల్వెంట్ గుడ్డల మధ్య పెడితే నిప్పు రాజుకోవచ్చు. ఆ డబ్బాకు థిన్నర్‌కు దూరంగా వేరే అర ఉండాలి.

నీళ్ళు చెప్పే మాట

ఇంకు, ఎమల్షన్, ఘోస్ట్ పోయాయి. మెష్ తళతళలాడుతోంది. ఇక్కడ ఆపేసేవాళ్ళే ఎక్కువ. కానీ కోటింగ్‌ను పాడుచేసే జిడ్డు కంటికి కనిపించదు కాబట్టి తళతళను నమ్మకూడదు. కొత్త మెష్‌ను కూడా. మగ్గం నుంచి, బిగించేవాళ్ళ చేతుల నుంచి, జిగురు నుంచి అది కూడా ఎంతో కొంత జిడ్డుతోనే వస్తుంది.

కనిపించని జిడ్డును చూపించేది నీళ్ళే. డీగ్రీజర్‌తో రెండు వైపులా రుద్ది, నురుగు పూర్తిగా పోయేదాకా కడిగాక, స్క్రీన్‌ను కొంచెం ఏటవాలుగా పట్టుకుని పైనుంచి నీళ్ళు మెల్లగా పారనివ్వాలి. పైపు తీసేసి వెలుతురుకు ఎదురుగా చూడాలి. శుభ్రమైన మెష్ మీద నీళ్ళు ఒకే పలక పరిచినట్టు నిలుస్తాయి, ప్రతి కన్నూ నిండి ఉంటుంది. జిడ్డు ఉన్న చోట ఆ పలకలో ఒక చిన్న రంధ్రం తెరుచుకుంటుంది. అంచు గుండ్రంగా వెనక్కి జరుగుతూ పోతుంది, నీళ్ళు పూసల్లా విడిపోతాయి. ఎక్కువగా ఇది ఫ్రేము పక్కన, మూలల్లో, లేదా ఎవరో బొటనవేలితో పట్టుకున్న చోట మొదలవుతుంది. ఎక్కడ చీలిందో అక్కడ ఎమల్షన్ కూడా సరిగ్గా అలాగే వెనక్కి జరుగుతుంది. అది ఎండాక ఫిష్ ఐ అని మనం పిలిచే గుండ్రటి పలచటి మచ్చ అవుతుంది. మళ్ళీ రుద్ది మళ్ళీ కడగడానికి పట్టే రెండు నిమిషాలు ఎంత విలువైనవో అక్కడే తెలుస్తుంది. ఒక్క జాగ్రత్త. నురుగు ఇంకా మిగిలి ఉంటే ఆ సబ్బే నీళ్ళను పరిచి ఉంచుతుంది, జిడ్డు దాక్కుంటుంది. అందుకే కడగడం పూర్తయ్యాకే ఈ పరీక్ష.

గిన్నెల లిక్విడ్ ఎందుకు వద్దంటారో ఇప్పుడు చెప్పొచ్చు. జిడ్డు తీసే శక్తి దానికి లేక కాదు. చేతులు పొడిబారకుండా కలిపే పదార్థాలు, సువాసన, రంగు కడిగాక కూడా దారం మీద కొంచెం ఉండిపోతాయి. డీగ్రీజర్‌గా అమ్మేది ఏమీ మిగల్చకుండా పోయేలా చేసినది, తేడా అంతే. గరుకు క్లీనింగ్ పౌడర్లతో మెష్‌ను రుద్దడం మరీ చెడ్డది. వాటి రేణువులు కళ్ళలో ఇరుక్కుంటాయి, దారాన్ని అడ్డదిడ్డంగా గీకేస్తాయి. నున్నటి కొత్త దారానికి కాస్త గరుకుదనం ఇవ్వాలంటే అందుకోసమే ఉన్న సన్నటి సిలికాన్ కార్బైడ్ పేస్టు ఉంది. కేపిలరీ ఫిల్మ్ (ముందే పొరగా చేసి వచ్చే ఎమల్షన్) వాడేవాళ్ళకు అది పనికొస్తుంది. డైరెక్ట్ ఎమల్షన్‌ను ద్రవంగా నేరుగా పూసేవాళ్ళకు దాని అవసరం పెద్దగా ఉండదని నా అభిప్రాయం. జిడ్డు పూర్తిగా పోతే చాలు.

కడిగేటప్పుడు ఫ్రేమును కూడా కడగాలి, అదీ ముందుగా. పైనుంచి కిందికి నీళ్ళు పారిస్తే ఫ్రేము మీది మురికి మెష్ మీదుగా దిగిపోతుంది. చివర్లో ఫ్రేము కడిగితే ఆ మురికి శుభ్రమైన మెష్ మీదే ఆగుతుంది. బోలు అల్యూమినియం ఫ్రేముల్లో అతుకుల సందుల్లోంచి నీళ్ళు లోపలికి వెళ్తాయి. కోటింగ్ వేసి పడుకోబెట్టాక ఆ నీళ్ళే తీరిగ్గా కారి తడి ఎమల్షన్ మీద చార గీస్తాయి. కడిగాక ఫ్రేమును నాలుగు వైపులా వంచి నీళ్ళు దింపేయడం చిన్న పనే. బ్రష్షులు కూడా దశకొకటి ఉండాలి. ఇంకు రుద్దిన బ్రష్‌తోనే డీగ్రీజర్ రుద్దితే తీసిన జిడ్డును మళ్ళీ పూసినట్టే. పిడికి ఒక్కో రంగు టేపు చుట్టి పెడితే కొత్తగా చేరిన కుర్రాడు కూడా తప్పు బ్రష్ పట్టుకోడు.

ఇంత చేసి ఆరబెట్టేటప్పుడు పాడుచేసుకోవడం చాలా తేలిక. తొందరగా ఆరాలని కంప్రెసర్ గాలి కొడితే అందులోని సన్నటి నూనె తుంపర మెష్ అంతా పరుచుకుంటుంది. టవల్‌తో తుడిస్తే నూలు పోగులు అంటుకుంటాయి. దగ్గర్లో ఎవరైనా సిలికాన్ స్ప్రే వాడుతుంటే అదొక్కటి చాలు. దుమ్ము లేని గదిలో ఫ్యాన్ గాలికి ఆరనిచ్చి, ఆ తర్వాత ఫ్రేమును తప్ప మెష్‌ను వేలితో తాకకుండా ఉండటమే దారి.

తడి, వెలుతురు

కోటింగ్ గురించి రెండు మాటలు చాలు. ముందు ప్రింట్ వైపు (గుడ్డకు తగిలే వైపు), తర్వాత స్క్వీజీ వైపు పూయాలి. చివరి పూత స్క్వీజీ వైపు నుంచి పడితే ఎమల్షన్ ప్రింట్ వైపుకు నెట్టుకెళ్ళి అక్కడ మందంగా నిలుస్తుంది. ఆరబెట్టేటప్పుడు ప్రింట్ వైపు కిందికి ఉండాలి.

ఆరడం దగ్గర మాత్రం ఆగాలి. చేతికి ఆరినట్టున్న ఎమల్షన్ లోపల ఆరి ఉండకపోవచ్చు. గాల్లో తేమ 50 శాతం దాటితే, అందులోనూ ముసురు పట్టిన రోజుల్లో, పైపొర ఆరి లోపల నీళ్ళు అలాగే ఉండిపోతాయి. డయాజో గొలుసులను కలపాల్సిన చోట నీళ్ళు అడ్డం ఉంటే కట్లు సరిగ్గా పడవు. టైమింగ్ సరిగ్గా ఉన్నా స్టెన్సిల్ పచ్చిగా వస్తుంది. 30 నుంచి 40 డిగ్రీల వెచ్చదనం, కదిలే గాలి, డీహ్యూమిడిఫయర్ కలిస్తే ఏ కాలంలోనైనా ఒకే ఫలితం వస్తుంది. వేడి మాత్రమే పెంచి తేమను వదిలేస్తే పని సగమే అవుతుంది.

ఎక్స్‌పోజింగ్ సరిపోయిందో లేదో ఊహించనక్కర్లేదు. మెట్టు మెట్టుకూ నలుపు ముదిరే 21 మెట్ల గ్రే స్కేల్ ఫిల్మును డిజైన్ పక్కన పెట్టి ఎక్స్‌పోజ్ చేసి కడిగితే, ఏ మెట్టు దాకా ఎమల్షన్ నిలబడిందో అది చెప్పేస్తుంది. 7వ మెట్టు గట్టిగా నిలవడం మామూలు గురి. రెండు మెట్ల తేడా అంటే వెలుతురులో రెట్టింపు తేడా. 5 దగ్గరే ఆగిపోయిందంటే సమయం రెట్టింపు చేయాలి. కడిగేటప్పుడు స్క్వీజీ వైపు వేలికి జారుడుగా తగిలినా అదే సంగతి.

ఈ పరీక్ష క్లీనింగ్ గురించిన వ్యాసంలో ఎందుకంటే, క్లీనింగ్ లోపాన్నీ ఎక్స్‌పోజింగ్ లోపాన్నీ జనం ఒకదానికొకటి పొరబడుతుంటారు. పిన్‌హోల్, అంటే స్టెన్సిల్‌లో సూదిమొనంత రంధ్రం, వచ్చిందంటే అది ఎలా ఉందో, ఎక్కడ ఉందో చూడాలి. చుట్టూ ఉబ్బిన అంచుతో గుండ్రంగా ఉంటే జిడ్డు. వేర్వేరు స్క్రీన్లలో సరిగ్గా ఒకే చోట వస్తుంటే మెష్‌ను ఏమీ అనకూడదు, ఎక్స్‌పోజింగ్ అద్దం మీదో ఫిల్ము మీదో దుమ్ము ఉంది. స్క్రీన్ అంతటా సన్నగా చల్లినట్టుంటే, సెన్సిటైజర్ కలిపాక ఎమల్షన్‌ను కొన్ని గంటలు ఉంచకుండా వెంటనే పూశారేమో కనుక్కోవాలి, అవి గాలి బుడగలు. అంచులు ముందు కరిగి, తర్వాత చిన్న అక్షరాల లోపలి ముక్కలు ఊడిపోతే అది తక్కువ ఎక్స్‌పోజింగో, ఆరని ఎమల్షనో. ఒకే చోట పట్టా పట్టాగా ఊడితే మాత్రం నీళ్ళ పరీక్ష దగ్గరికి తిరిగి వెళ్ళాలి.

కొన్ని మెష్‌లను ఇక బతికించలేం. మందు ఎండి కరుచుకున్న ఎమల్షన్, రెండుసార్లు పేస్టు పెట్టినా మూసుకునే ఉన్న కళ్ళు, 15 న్యూటన్ల కిందికి జారిన బిగువు, వీటిలో ఏది కనిపించినా బట్ట కోసేయాలి. ఫ్రేము మీది పాత జిగురును చదునుగా గీకి, దాన్ని కూడా సాల్వెంట్‌తో తుడిచాకే కొత్త బట్ట అంటించాలి. కొత్త మెష్ మొదటి 24 గంటల్లో కొంత బిగువు కోల్పోతుంది కాబట్టి టెన్షన్ మర్నాడు మరోసారి కొలిచి ఫ్రేము మీద తేదీతో రాసిపెట్టాలి. ఆ తర్వాత డీగ్రీజర్ పట్టాలి.